వచ్చ%డు

వచ్చాడు అని రాస్తే నోరు మరీ తెరుచుకుంటుంది.
వచ్చేడు అంటే మరీ మూసుకుంటుంది.
మా సిక్కోలు నోరు ఆ రెంటికీ నడుమ
గడప మీద నిలబడినట్టు నిలబడుతుంది.
దానికి అక్షరం లేదు.

నేనే గీశాను ఒకటి,
పందొమ్మిదేళ్ల కిందట, ఏడు రోడ్ల కూడలి మేడ గదిలో,
తవిటినాయుడు మేష్టారు పక్కన కూర్చుని
"తోక కిందికి, ఇంకాస్త" అంటుంటే.
గీసి, మా ఫాంటులో శాతం గుర్తు పీట మీద కూర్చోబెట్టాను.
శాతంతో మాకేం పని?
మాది పల్లె మాటల నిఘంటువు, వడ్డీ పుస్తకం కాదు.

ఇవాళ నెట్‌లో పెట్టాలి.
తక్కిన అక్షరాలన్నీ యూనికోడ్‌లోకి బుద్ధిగా నడిచాయి.
ఇదొక్కటి
సుహాసిని ఫోన్లో ముసుగు తీసేసి నిలబడింది:
వచ్చ%డు. తెచ్చ%డు. ఏడ్చ%డు.
ఎంత శాతం ఏడ్చాడో చెప్పకుండా.

"మన ఫాంటునే పేజీతో పంపిద్దాం,
సరిగ్గా కనబడుద్ది" అన్నాడు డిల్లేశు.
"కనబడుద్ది. వెతికితే దొరకదు.
చూపు లేనివాళ్లకి చదివిపెట్టే గొంతు
వచ్చ పర్సెంట్ డు అంటాది, వింటావా?"

"అందరూ ఒప్పుకున్న పట్టికలో
మా అమ్మ నోటికి సోటు లేదేటి?"
"అడగొచ్చు మేష్టారూ. దరఖాస్తు పెట్టాలి, రుజువులు చూపాలి."
"ఎన్నాళ్లు?"
"ఏళ్లు."
"నాకు డెబ్బయ్యెనిమిది" అని ఆయన
గ్లాసు అడుగున పంచదార కోసం వెతుక్కున్నారు.

తర్వాత ఎవరూ అడక్కుండానే చెప్పారు:
"మా అమ్మ కుంచానికి ముద్ర లేదు.
నరసన్నపేట సంతలో సావుకారు నవ్వీవోడు.
ముద్ర కుంచం కొన్నాక నవ్వడం మానీసాడు.
కొలత మాత్రం ఆడి వైపే ఒరిగీది."

"ఐతే వద్దంటారా?"

"అలాగనీసానేటి?
ముద్ర లేని ఏడు ఒడ్లన్నీ
ఇంట్లోనే పురుగు పట్టీసినాయి."

ఏత్వమా, ఆకారమా, దాని మీద ఇంకో గంట.
ఏత్వమే. ఆకారం వాళ్లమ్మ ఎన్నడూ పలకలేదట.
ముందు కార్డులన్నీ ఆయన గొంతుతో చదివించి
డిల్లేశు ఫోన్లో పట్టాడు.
మధ్యలో కరెంటు పోయింది, చదవడం ఆగలేదు.

అప్పుడు నొక్కాను.
నాలుగువేల మూడువందల పదకొండు చోట్ల మార్చాను
అంది కంప్యూటర్.

నా లెక్క పన్నెండు.

ఆ ఒక్కటీ ఏ మాటలో దాక్కుందో
ఇంకా వెతుకుతున్నాం.
దొరికితే మార్చాలా అన్నది
ఇంకా ఎవరూ ఎత్తలేదు.