పాత మోరీ

తెర మీద గిర్మాజీపేట.
ఒక చిల్లు పెట్టి, గాలికి వేగమిచ్చి
మీట నొక్కితే
పసుపు మరక పడమరకు సాగి
నలభై గజాల్లో పలచబడింది.

"గట్ల పోదు బిడ్డా."
చీపురు గోడకానించి వంగి చూసింది బుచ్చవ్వ.
"మొన్న సిమెంటు రోడ్డేసిన్రు గద,
మీదికెట్లొస్తది?
పాత మోరీ పట్టుకొని పోతది,
యాకూబు ప్యాలాల బట్టీ దాంక."

ఆ మోరీ ఏ నక్షాలోనూ లేదు.
ముప్పై ఏండ్లు అందులో దిగిన
ఆమె మోకాళ్లకే గుర్తుంది.

ఆమె ముందు, నేను వెనక.
నిండు వానాకాలంలో
గోడ పొంటి గడ్డి
ఒక గీతలా ఎండిపోయి ఉంది.
ముక్కుకేమీ తెలియలేదు,
వాసనంతా మన్ను తాగేసింది.
చేతిలో డబ్బా మాత్రం పిట్టలా కూసింది.

లోపల యాకూబు అగ్గిపెట్టె తడుముతున్నాడు.
"ఆగు కొడుకా."
గట్టిగా కూడా అనలేదు ఆమె.
పుల్ల అతని వేళ్ల మధ్యే ఉండిపోయింది.

రాత్రి లెక్కలో కొత్త గీత గీశాను.
మరక ఈసారి వంకరగా,
గాలిని ఖాతరు చేయకుండా,
ముసలి మనిషి నడకతో బట్టీ దాకా వెళ్లింది.
'ఆధారం' అన్న గడిలో
ఏం రాయాలో తోచలేదు.

పొద్దున చూపిస్తే బుచ్చవ్వ నవ్వింది:
"నా వాసన గూడ లెక్క గడ్తదా,
ఏ గల్లీ దాంక పోతదో?"