ముప్పై ఒకటి

సంచిలో పదహారు పేజీల ఫారం,
రెండు పెన్నులు. ఒకటి సిరా కక్కుతోంది.
కిట్గుమ్ దాటాక రోడ్డంతా ఎర్రటి పిండి.
మోటార్‌సైకిలు దిగేసరికి
నా కనుబొమలు కూడా ఆ ఊరివైపోయాయి.

కౌన్సిలర్ ఫిల్డా లమును
టార్పాలిన్ మీద నువ్వులు తిరగేస్తోంది.
"మళ్ళీ వచ్చాడు మార్కులవాడు" అంది
ఎవరితోనో, బహుశా కోళ్ళతో.

సభలో ఎన్నిసార్లు మాట్లాడారు?
"నాలుగు. అందులో ఒకటి కిటికీ తెరవమని."
రుజువు?
రేకుపెట్టె తెరిచి మినిట్స్ కాగితాలు తీసింది.
నాకంటే ముందే చెదలు చదివేశాయి,
ఏప్రిల్ మొత్తం పూర్తిచేసి
జూన్ సగంలో విసుగొచ్చి ఆపేశాయి.
నిబంధన ప్రకారం అర మార్కు.

ఓటర్లతో సమావేశాలు?
"చావులకెళ్ళాను. పదకొండు. రాసుకో."
చావులకు గడి లేదమ్మా అన్నాను.
"అందరూ దొరికేది అక్కడే,
నన్ను తీరిగ్గా తిట్టేదీ అక్కడే."
నా పెన్ను గడి అంచున కాసేపు తచ్చాడి
ఒక చుక్క వదిలి పక్కకు జరిగింది.

నిన్న ఒచిత్తిగారింట్లో
ప్రతి ఉత్తరానికీ ప్లాస్టిక్ తొడుగు,
ప్రతి సమావేశానికీ వేలిముద్రల జాబితా.
డెబ్భై ఎనిమిది.
అబద్ధమేమీ కాదు. ఆయన వేయించిన కల్వర్టు మీదుగానే
ఇవాళ కాళ్ళు తడవకుండా వచ్చాను.

ఫిబ్రవరిలో ఆరోగ్యకేంద్రం తనిఖీ?
"సున్నా వెయ్యి. వెళ్ళలేదు.
ఆ నెలంతా నడుం నొప్పి,
నడుం బాగున్న రోజున బద్ధకం."
ఇన్నేళ్ళలో ఏ కౌన్సిలరూ
తన సున్నాను తనే తెచ్చి నా చేతిలో పెట్టలేదు.
దానికీ గడి లేదు.

పొద్దు వాలాక ఇద్దరు పిల్లలు
చేతిపంపు పిడిని పాడెలా మోసుకొచ్చి
ఆమె కాళ్ళ దగ్గర దించారు.
ఇంకా తడిగానే ఉంది.
"రాత్రిళ్ళు విప్పుకుపోతున్నారు, తుక్కు కొనేవాళ్ళున్నారుగా.
అందుకే పక్కలో పెట్టుకుని పడుకుంటాను.
మొగుడికన్నా నయం, గురక పెట్టదు."
ఎన్నాళ్ళుగా?
"మూడేళ్ళు. తెల్లారుజామున నాలుగింటికి లేచి బిగించాలి.
బోల్టు ఒకటి అరిగింది. నీ ఫారంలో బోల్టులు దొరుకుతాయా?"

నేను కూడిక వేస్తున్నాను.
ఆమె రేకు డబ్బాతో నువ్వులు కొలుస్తోంది,
అంచు దాటి గుట్ట లేచేదాకా పోసి,
పైన ఇంకో గుప్పెడు కొసరు.
ముప్పై ఒకటి, అన్నాను, గొంతు సవరించుకుని.
"కిందటేడు ఇరవై ఏడే!"
పరీక్ష గట్టెక్కిన పిల్లలా మురిసిపోయి
కొలిచిన నువ్వులు నా సంచిలో పోసింది.
లంచం కిందకొస్తుందేమో, వద్దన్నాను.
"మరి లెక్కలో రాసుకో" అంది.

పదహారో పేజీ అడుగున 'ఇతరములు' కింద
రెండు గీతలున్నాయి.
ఇనుప పిడి ఒకటి, తడి, అని రాశాను.
ఆఫీసులో కొట్టేస్తారని తెలుసు.

చీకట్లో మోటార్‌సైకిలు కల్వర్టు దాటింది.
ప్రతి గుంతకీ
కొన్ని నువ్వులు
ఫారం మడతల్లోకి జారుతున్నాయి.