ప్లస్ ఒకటిన్నర

తెల్ల గిన్నెలో రొయ్యపిల్లలు.
పిల్లంటే ఏముంది, నీళ్ళల్లో రెండు నల్లచుక్కలు.
ఒళ్ళంతా నీళ్ళే, కనపడేది కళ్ళే.
ఆ కళ్ళని బట్టే లెక్క.
పదహారేళ్ళుగా ఇసకపల్లి హేచరీలో
చెంచమ్మ చెప్పిన అంకెకి ఎదురు ల్యా.

మొన్న కార్తీకంలో నీళ్ళు మసకబారినాయి.
గిన్నె మార్చినాను, ట్యూబులైటు మార్పించినాను.
మూరెడు దూరం జరిపితే తేటపడింది గానీ
అంత దూరాన ఒకటో రెండో తేలలేదు.
సూపర్‌వైజరు వెనకమాల నిలబడి దగ్గినాడు.

అల్లూరు అద్దాల షాపులో మీసం సరిగా రాని పిల్లోడు
కంట్లోకి టార్చి కొట్టి చెప్పినాడు:
లోపల ఒక పూసుంటాదంట,
దగ్గరివి చూడాలంటే అది ఉబ్బాలంట,
నలభై దాటినాక మొండికేస్తాదంట.
తెర మీద కూడాల్సిన వెలుగు తెర దాటిపోతాదంట.

ఆ పూస నాకు తెలుసు.
చందువా పులుసులో తలకాయ నా వంతే.
ఉడికిన కంట్లోంచి నాలిక మీదికి జారే తెల్లగుండు,
పంటికి లొంగదు, ఉమ్మేస్తే కోడి గూడా ముట్టదు.
అదేనా అబ్బయ్యా అంటే
అదే, మీదింకా ఉడకలేదులే అని నవ్వినాడు.

బొమ్మ లోపల తలకిందులుగా పడతాదంట, నిలబెట్టేది బుర్రంట.
అంటే ఇన్ని లక్షల పిల్లల్ని
తలకిందుల్నించి లేపి, నిలబెట్టి, లారీ ఎక్కించినాను నేను.
కూలి మాత్రం గిన్నెల లెక్కనే ఇచ్చారు.

నూటెనభై రూపాయల అద్దాలు.
గిన్నె మీదికి వంగినాను.
చుక్కలు.
చుక్కకి చుక్క అంటుకోకుండా చుక్కలు.
మీసాలు గూడా, వెంట్రుకలో వెంట్రుకంత,
ఎన్నాళ్ళయిందో వాటిని చూసి.

తలెత్తితే గుమ్మంలో సూపర్‌వైజరు
గోడకి అలుక్కుపోయిన తడి మాదిరి ఉండాడు.
ముక్కూ మొఖం లేవు.
అద్దాలు తియ్యలేదు.
నూట నలభై ఒకటి, నూట నలభై రెండు