రెండో స్వరం

గడ్చిరోలి నుంచి కాగితం వచ్చింది:
మీ ప్రాంతపు అస్మిత చెప్పే బాణీ ఒకటి, ఐదు నిమిషాలు.
"అస్మితంటే ఏంది?" అని డోలు ఓదెలు అడిగిండు.
మరాఠీలో తెలుసు నాకు.
తెలుగులో నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది.

సిరొంచ బడిలో పాత పేటి ముందు కూసున్న.
వానకాలం దాని మధ్యమం నొక్కితే మళ్ళ లేవదు,
గోటితో లేపాలె.
ముందు లెజీము గలగల వేసిన,
వెనక డోలు,
ఆ వెనక ఏడో తరగతి సోమీ పుంగాటి
వాళ్ళ అవ్వ దగ్గర నేర్చిన రేలా వరస.
మూడూ కలిపితే సంతరోజు బస్సు లెక్క ఉంది.
ఎవరి మూట వాళ్ళ ఒళ్ళో.

చెరిపేసిన.

అప్పుడు యాదికొచ్చింది ప్రాణహిత ఒడ్డు.
వంతెన లేని రోజుల్ల పడవ అవతలుంటే
నోటికి దోసిలి అడ్డం పెట్టి పిలిచేది.
మాట లేదు, రెండే స్వరాలు.
మాడియావాళ్ళైనా, తాలూకా గుమాస్తాలైనా,
కాళేశ్వరం పోయే పెండ్లోళ్ళైనా అదే పిలుపు.
పైకొకటి, కిందికొకటి.
పదకొండు రాత్రులు దాని చుట్టే అల్లిన.

పడవ రాజలింగు ఇప్పుడు
వంతెన మొదట్ల చాయ్ అమ్ముతడు.
వినిపించిన.
గిలాస కడిగే చెయ్యి ఆగింది.
"ఎవరు పోయిండ్రు?"

"ఎవరూ పోలే కాకా. ఇది మన పాట."

"రెండోది దింపితే పీనుగున్నట్టు, బిడ్డా.
పడవల ఎవ్వర్నీ ఎక్కించుకోకుండ రమ్మని.
బతికున్నోడు పిలిస్తే రెండోది పైకే పోతది.
నువ్వు చిన్నప్పుడు విన్నది..."

అని, పొయ్యిల కట్టె ఎగదోసిండు.
మా నాయిన్ని దాటించిన తెడ్డు ఆయనదే.
నాకు ఆరేళ్ళు. నది గుర్తులేదు,
ఎవరిదో తడి గొంగడి వాసన గుర్తుంది.

ఇంటికొచ్చి ఆ ఒక్క స్వరం పైకి జరిపిన.
జరిపితే మిగతాదంతా కూలింది.
మళ్ళ కట్టిన.

గడ్చిరోలిల వాసేకర్ సారు చెవి ఒగ్గి విన్నడు.
"బాగుంది. కానీ చివర షడ్జానికి రాలేదు,
గాలిల వదిలేసిండ్రు" అన్నడు మరాఠీల.
కాగితం మీద 'భాష' అన్న గడి దగ్గర
కలం ఆపి చూసిండు.

ఓదెలు డోలుకు గుడ్డ చుట్టుకుంట
తెలుగులనే అన్నడు:
"అవతలోడు ఇంక జవాబియ్యలే సార్."

ఏమన్నడని సారు నా దిక్కు తిరిగిండు.
నేను గోటితో మధ్యమాన్ని లేపుతున్న.