ఇంజను మార్చే ఊరు

కరెంటు బిల్లు వెనకవైపు
పైన కలకత్తా, కింద మైసూరు అని రాసి
మధ్యలో నిలువుగా ఒక గీత గీశాను.
గీత మీద ఎక్కడో మేం:
తాటిచెట్లపాలెం, రైల్వే క్వార్టరు,
కారే కుళాయి, వంటింటి గచ్చు మీద నలుగురం.

పాసు ఉంది. సెలవు ఆరు రోజులు.
ఊళ్ళు మాత్రం రెండు,
ఒకదాని కేక ఒకదానికి వినబడనంత దూరంలో.

నూకరత్నానికి ట్రాము ఎక్కాలి.
ఖరగ్‌పూర్‌లో పుట్టిన మనిషి.
ఏడో ఏట మా మామ కలకత్తా తీసుకెళ్ళి
కిటికీ పక్కన కూచోబెట్టాడట.
గంట మోగింది, దిగేశారు, అంతే.
"రెండు స్టాపులే. అదొక ఎక్కడమా?" అంటుంది
పెళ్ళయిన దగ్గర్నించీ.

హిమజకు మైసూరు ప్యాలెస్.
ఆదివారం రాత్రి దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయట.
ఒక్కసారిగా అన్నప్పుడల్లా
దాని పది వేళ్ళూ విచ్చుకుంటాయి.
గిరిగాడికి పై బెర్తు ఇస్తే చాలు,
బండి యార్డులో నిలబడున్నా పరవాలేదు.

లెక్క వేశాను.
ఇక్కణ్ణించి కలకత్తాకి పద్నాలుగు గంటలు,
ఆ కొస నుంచి ఈ కొసకి ముప్పై ఆరు,
తిరిగి ఇంటికి ఇరవై నాలుగు.
కూడితే డెబ్బై నాలుగు.
"అయితే మనం చూడ్డానికెళ్ళేది రైలునే" అంది హిమజ.

చింతపండు పిసుకుతూ నూకరత్నం
"నా ట్రాము కొట్టేయండి" అంది.
కొట్టేయమనే గొంతు కాదది.
హిమజ వింది. కాసేపు గోరు కొరికింది.
"లైట్లదేవుంది, ఫోన్లో చూసేస్తాలే."
అదీ అలాంటి గొంతే.
ఒకరి కోసం ఒకరు ఊళ్ళు వదిలేసుకుంటుంటే
బిల్లు మీద చివరికి
గీత ఒక్కటే మిగిలేలా ఉంది.

నాది షంటింగు పని.
హౌరా నుంచి కిందికి పోయే బండి మా స్టేషన్లో ఆగితే
ముందున్న ఇంజను విప్పుతాం,
వెనక ఇంకోటి తగిలిస్తాం.
అటు మొహం పెట్టి వచ్చినవాళ్ళు
ఇటు వీపు పెట్టి వెళ్తారు.
ఎవరో ఒక ముసలాయన కంగారుపడి అడుగుతాడు:
"బాబూ, వెనక్కి పోతోందేటి?"
"లేదు తాతా, ముందుకే.
మా ఊళ్ళో ముందు అటుంటాది."

గిరి అడిగాడు అప్పుడు:
"నాన్నా, మైసూరెళ్ళే బండి ఇట్నుంచే కదా?"

టైంటేబుల్ తిప్పాను.
నాలుగో రోజు తెల్లారగట్ల మూడూ ముప్పై అయిదు.
మన స్టేషనే. ఇరవై నిమిషాలు.

"ఏటి? టూరు మధ్యలో మనూరే వస్తామా?"
వాడి నవ్వుకి పక్కింటి గొళ్ళెం తీసిన చప్పుడు.
ఎర్రయ్యమ్మ పిన్ని తలుపు దగ్గరే నిలబడి
సంగతంతా విని, తీర్పు చెప్పేసింది:
మాసిన బట్టలు కిటికీలోంచి అందిస్తే
ఉతికిన జతలు లోపలికి అందిస్తుందట.
సగం సామాను తగ్గింది.
పిల్లిని కూడా తెమ్మంది హిమజ.
కుళాయి కట్టారో లేదో అప్పుడు అడగొచ్చని నూకరత్నం.
కలకత్తా ఉంది. మైసూరూ ఉంది.
మధ్యలో మూడో ఊరొకటి,
ఉప్పు చెమ్మ వాసనతో, నిద్రకళ్ళతో,
మేం ఎన్నడూ దిగకుండా చూడనిది.

ఆ రాత్రి డ్యూటీ సన్నిబాబుది.
టీకొట్టు దగ్గర చెప్తే నవ్వాడు.
"పిల్లలు పడుకునుంటారు కదేటి,
మెల్లగా తగిలించమంటావా?"

వద్దన్నాను.
రోజూ ఎలా తగిలిస్తామో అలాగే తగిలించు.
పదహారేళ్ళయింది,
ఎన్ని వేలమంది నిద్రల్ని కుదిపానో.
ఆ కుదుపు
లోపల పడుకున్నవాళ్ళకి ఎలా ఉంటుందో
నాకింకా తెలీదు.