కొర్లయ్య ఓడ

పెద్ద కరువు పోయిన మూడో ఏడు
గోపాలపురం ఎదురుగా యుద్ధనావ లంగరేసింది.
ఒడ్డుకి రాలేదు. మా ఒడ్డు ఎవర్నీ ఊరికే రానివ్వదు.
మూడు అలలు దాటాలి,
దాటించేది మావాళ్లే,
మేకన్నది లేకుండా కొబ్బరితాళ్లతో కుట్టిన పడవల్లో.

మా ముత్తాత గరికిన కొర్లయ్యకి
అలలంటే భయం. పేటంతా నవ్వేది.
అతను గోడలు రాసేవాడు.
ఎవరింట్లోనైనా జ్వరం దిగకపోతే
సున్నం మీద జేగురుతో అమ్మోరిని దించేవాడు,
పక్కన పల్లకీ, సొరచేప, చుట్ట కాల్చే దొర.

ఆ నావలోంచి ఓ కుర్రదొర దిగాడు,
గొడుగు కింద కూచుని మా పేటని కాగితం మీద రాశాడు.
కొర్లయ్య వెనక నిలబడి చూశాడు:
ఇళ్లు నూకగింజలంత, ఆకాశం బోలెడంత.
"మనుషులేరీ?" అన్నాడు.
"ఎండ జాస్తిగా ఉందంటున్నాడు దొరా" అని
దుబాసీ తర్జుమా చేశాడు.

ఆ రాత్రి సూరాడ వాళ్ల గోడ మీద కొర్లయ్య
నావని రాశాడు. వంజరం కోసినట్టు పొట్ట కోసి.
లోపల బొగ్గులేసేవాళ్లు, వంటవాడు, కట్టేసిన మేక,
నోరు తెరిచి నిద్రపోతున్న కుర్రదొర.
తెల్లారి దొర వచ్చి నవ్వాడు, వేలితో లెక్కపెట్టాడు:
ఫిరంగులు ఎనిమిదే, పన్నెండు రాశావేం?
"ఎదర నిలబడ్డోడికి ఎక్కువే అవుపిస్తాయి."
ఇది దుబాసీ సరిగ్గానే చెప్పినట్టుంది.
దొర నవ్వాపి, జేబులోంచి
నీలిరంగు సీసపు గొట్టం ఒకటి తీసిచ్చి వెళ్లిపోయాడు.

రాణీగారి పుట్టినరోజుకి నావ ఇరవైయొక్కసార్లు పేలింది.
వారం రోజులు వలలో చేప లేదు.
ఆ వారంలోనే తమ్ముడు పోలయ్య
కూలికి నావకి మంచినీళ్ల పీపాలు మోశాడు.
మూడో అల దగ్గర పడవ తిరగబడింది.
పీపాలు ఒడ్డుకొచ్చాయి. తెడ్లు ఒడ్డుకొచ్చాయి.

నీలం సముద్రానికే అనుకున్నారంతా.
కొర్లయ్య సముద్రాన్ని ఏనాడూ రాయలేదు,
ఒట్టి సున్నంగానే వదిలేసేవాడు.
గొట్టం మొత్తం పిండి
నావ పొట్టలో, బొగ్గులేసేవాళ్ల మధ్య,
ఓ మనిషిని నిలబెట్టాడు.
వాళ్లమ్మ రోజూ వచ్చి ఆ గోడకి చెప్పేదట,
"రంగం చేరాక కబురంపరా."

ఇప్పుడా గోడ మీద ఎన్ని సున్నాలో.
కిందటేడు తుపానుకి ఓ పెచ్చు ఊడితే
వెనకవైపు నీలంగా ఉందంది మా చిన్నమ్మ.
నాచు అన్నాడు మా అన్న.
బరంపురం బజార్లో కొన్న బట్టలనీలమే అదంతా,
దొరా లేదు గిరా లేదంటాడు సూరాడ ముసలాయన.

ఫిరంగులు మాత్రం పన్నెండు.
దానికి ఎవరూ పేచీ పెట్టరు.