గాలి తూకం

కళింగపట్నం రేవులో ఇరవై రెండేళ్లుగా
నాది కాటా పని.
ఐసు అంటుకుంటే గీకేసి, నీళ్లు కారితే వంచేసి
చేప బరువు చేపకే రాస్తాను.
బోటు ఓనరైనా, మా ఆయనైనా
నా కాటా ముందు నోరు మూసుకోవాల్సిందే.

ఆ కాటాని ఓ సాయంత్రం అరువడిగాడు పోలిరాజు.
"ఏటి తూస్తావురా గుంటా?"
"గాలి, చిన్నమ్మా."

మూడు నెలలుగా చూస్తూనే ఉన్నాను,
పగిలిన చేపల పెట్టెలు ఏరుకుపోతున్నాడు.
తెల్లటి థర్మోకోల్, మూలల్లో నెత్తుటి మరకలు,
సర్ఫు పెట్టి తోమినా వదలని నీచు.
కాలిపోయిన ఇస్త్రీపెట్టె తీగని వెదురు విల్లుకి బిగించి
ఆటో బ్యాటరీ తగిలిస్తే
జున్నులో దారం దిగినట్టు దిగేది.
రెక్కకి ఎముకలు వెదురు పేళ్లు.
తోక మీద ఐసు ఫ్యాక్టరీ పేరు తలకిందులుగా.

ముందు పంకా లేదేమిరా అంటే
ఇది జెట్టు చిన్నమ్మా, పంకా కడుపులో ఉంటాది, అన్నాడు.
నా గుప్పిట్లో పట్టే గొట్టం, లోపల పన్నెండు రేకులు.
మూడు నెలలు ఐసు దిమ్మలు మోసిన కూలి
కోల్‌కతా పార్సిల్లో అంత చిన్నగా వచ్చింది.
పక్కల రెండు చీలికలు కోశాడు.
చూడగానే తెలిసింది నాకు,
మొప్పలు.

ముక్కు కిందికి, తోక పైకి
కాటా మీద నిలబెట్టి పట్టుకున్నాం.
సున్నా చేశాను.
వాడు రిమోట్ మీద వేలు జరిపాడు.
కుక్కర్ కూత కాదు, కందిరీగ కాదు,
సన్నగా మొదలై పళ్లలోకి ఎక్కే ఈల.
తోకలోంచి కొట్టిన గాలికి నా ముసుగు ఎగిరిపోయింది.
అంకెలు కదిలాయి. ఆరు వందల నలభై.
ఏమీ పెట్టకుండానే
ఆరు వందల నలభై గ్రాములు!

తర్వాత విమానాన్నే తూచాను.
పదకొండు వందల నలభై.
వాడి మొహం అమ్ముడుపోని గంపలా అయిపోయింది.
తొమ్మిది వందల్లోపు ఉండాలట.
చక్రాలు పీకాడు. ఎర్ర రంగు గీకాడు.
కిటికీలో కూర్చోబెట్టిన ప్లాస్టిక్ పైలట్‌ని
జేబులో వేసుకున్నాడు.
అయినా పది వందల ముప్పై.

"ఇలా తే" అన్నాను.
పెట్టెలు ఐసునీళ్లు తాగి ఉంటాయి, అవి నాకు తెలిసిన దొంగలు.
రెండు రోజులు ఇసకలో ఎండబెట్టించాను.
ఆపైన నా కత్తి తీసి
వంజరానికి పేగులు తీసినట్టే
పొట్ట తొలిచాను, తొలు మందం మిగిల్చి.
తెల్ల గుళ్లు జుట్టంతా, రైకంతా.
ఎనిమిది వందల డెబ్బై!
రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి చూస్తే
తోక బరువై వాలిపోయింది.
వల గుండు ఒకటి ముక్కులో కుక్కాల్సి వచ్చింది.
ఆ ఇరవై గ్రాములకి నాకెంత ఏడుపొచ్చిందో
ఎవరికీ చెప్పలేదు.

తెల్లారగట్ల, గాలి లేవకముందు
లంగరు మేకుకి సైకిల్ ట్యూబులు కట్టి లాగి వదిలాం.
మొదట కిందికే పోయింది.
నీళ్లని ముక్కుతో తాకేలోపు
కడుపులో ఈల అందుకుంది. లేచింది.
వంశధార మొగ మీద ఒక చుట్టు, లైట్‌హౌస్ దాకా ఒక చుట్టు.
ఒడ్డుకొస్తున్న బోట్లలో వాళ్లు
తాళ్లు వదిలేసి తలలెత్తారు.

ఎక్కణ్ణించొచ్చిందో గెద్ద,
నీచు వాసన పట్టేసింది.
ఎగిరే చేపనుకుందో ఏమో, వెంటపడింది.
"ఇదేటి చిన్నమ్మా, ఇదేటి!" అంటాడు,
రిమోట్ మీంచి కళ్లు తియ్యడు.
రెండు నిమిషాల పది సెకన్లకి బ్యాటరీ ఒట్టిపోయి
దాలమ్మ ఎండేసుకున్న నెత్తళ్ల మీద దిగింది.

దాలమ్మ తిట్లు తూచే కాటా నా దగ్గర లేదు.
నలిగిన నెత్తళ్లు మాత్రం తూచాను,
నాలుగు వందల గ్రాములు. వాడే కట్టాడు.

ముక్కు అతికించాడు, మొప్ప అతికించాడు,
చిరిగిన తోకకి కొత్త పెట్టె ముక్క.
ఎడం రెక్క మీద మూడు గోటి గీతలున్నాయి,
వాటికి మాత్రం టేపు వెయ్యనంటున్నాడు.